అర్వెన్ ఉండోమియెల్

ఆంగ్ల రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) సృష్టించిన మిడిల్ ఎర్త్ గాథల్లో అర్వెన్ ఒక పాత్ర. ఎల్ఫులనే మరణం లేని జాతిలో దొరబిడ్డగా పుట్టి, ఆరగోర్న్ అనే మానవుణ్ణి పెళ్లాడటం కోసం తన జాతికి దక్కిన ఆయుర్దాయాన్ని వదులుకుంది. 1954–55లో మూడు సంపుటాలుగా వెలువడిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవలలో ఆమె కనిపించే పుటలు చాలా తక్కువ, మాట్లాడే మాటలు అంతకంటే తక్కువ. అసలు కథ నవల చివర చేర్చిన అనుబంధాల్లో, రాజవంశాల చరిత్రల మధ్య ఇమిడిపోయి ఉంది. కథ అయిపోయిందని పుస్తకం మూసేసినవాళ్లకు అది దక్కదు. సినిమాల పుణ్యమా అని ఆమె పేరు లోకమంతా తెలిసింది గానీ, ఆమె వదులుకున్నది ఏమిటో, ఆ బాకీ ఎప్పుడు తీర్చాల్సి వచ్చిందో తెలియాలంటే ఆ అనుబంధమే చదవాలి.

ఎల్ఫుల అమరత్వం

యూరప్ జానపద కథల్లో ఎల్ఫులంటే ఎక్కువగా అడవుల్లో, గుట్టల్లో తిరిగే అల్లరి జాతి. పిల్లల బొమ్మల పుస్తకాల్లో అయితే అరచేతిలో పట్టేంత చిన్నవాళ్లు. టోల్కీన్ ఎల్ఫులు అలాంటివాళ్లు కారు. మనుషులంత ఎత్తు, మనుషుల రూపం, మనుషులతో సంతానం పొందగల శరీరం ఉన్నవాళ్లు. వాళ్లకు ముసలితనం రాదు, రోగం రాదు. అయితే కత్తి దెబ్బకు చచ్చిపోతారు. తట్టుకోలేని దుఃఖం వచ్చినా ప్రాణం విడుస్తారు. అలా పోయినవాళ్ల ఆత్మ మృతుల న్యాయాధిపతి మాండోస్ మందిరాలకు చేరుతుంది. అక్కడ కొంతకాలం గడిపాక తిరిగి దేహం పొందే అవకాశమూ ఉంది. ఎటు పోయినా ఈ సృష్టి లోపలే ఉంటారు. ప్రపంచం ఉన్నంత కాలం వాళ్లూ ఉంటారు. ప్రపంచం అంతమయ్యాక వాళ్ల గతి ఏమిటో వాళ్లకే తెలియదు.

మనుషుల సంగతి వేరు. చనిపోయాక మనిషి ఆత్మ ఈ జగత్తు హద్దు దాటి వెళ్లిపోతుంది. ఎక్కడికన్నది దేవగణాలకు కూడా తెలియదు. సృష్టికర్త ఇలూవతార్ మానవులకు ఇచ్చిన కానుక మృత్యువని టోల్కీన్ పురాణం చెబుతుంది. అందుకే ఎల్ఫులది నిజమైన అమరత్వం కాదని, ప్రపంచంతోపాటు ముగిసే దీర్ఘాయుష్షని ఆయన తన ఉత్తరాల్లో వివరించాడు. మన పురాణాలతో పరిచయం ఉన్నవారికి ఇది కొత్తగా తోచదు. అమృతం తాగిన దేవతలకూ కాలపరిమితి ఉందనీ, మన్వంతరం మారితే ఇంద్రుడూ మారతాడనీ మనవాళ్లు ఏనాడో చెప్పుకున్నారు.

ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. ఎల్ఫు స్త్రీ మానవుణ్ణి పెళ్లాడితే, భర్త పోయిన రోజున వాళ్లు విడిపోయేది ఈ జన్మకు మాత్రమే కాదు. అతను సృష్టి హద్దు దాటి పోతాడు, ఆమె హద్దు లోపలే ఉండిపోతుంది. మళ్లీ కలుసుకునే చోటంటూ లేదు. భర్త పోయిన దారినే తానూ పోవాలంటే ఆమె కూడా మర్త్యురాలు కావాలి. అయితే అదే క్షణంలో తల్లిదండ్రులతో తెగతెంపులు అవుతాయి. అంటే ఎంచుకోవడం జరిగాక ఎవరో ఒకరు శాశ్వతంగా దూరం కావడం ఖాయం. ఎవరన్నది మాత్రమే ఆమె చేతిలో ఉంది.

లూథియెన్ నుంచి వచ్చిన దారి

అర్వెన్‌కు ముందు ఈ దారి తొక్కినది ఆమె పూర్వీకురాలు లూథియెన్. డోరియాత్ అడవి రాజ్యాన్ని ఏలిన ఎల్ఫు రాజు థింగోల్‌కూ, దివ్యాత్మల గణానికి చెందిన మెలియన్‌కూ పుట్టిన బిడ్డ. ఆమె అడవిలో నాట్యం చేస్తుండగా చూసి, రాజ్యం పోయి తిరుగుతున్న బెరెన్ అనే మానవుడు మనసు పారేసుకున్నాడు. అల్లుడు ఇష్టం లేని థింగోల్ అసాధ్యమైన కన్యాశుల్కం అడిగాడు. లోకకంటకుడు మోర్గోత్ ఇనుప కిరీటంలో పొదిగిన సిల్మరిల్ మణుల్లో ఒకటి తెమ్మన్నాడు.

తరవాతి కథలో సాహసాలన్నీ దాదాపుగా లూథియెన్‌వే. తండ్రి ఆమెను చెట్టు మీద కట్టిన ఇంట్లో బంధిస్తే, తన జుట్టునే మంత్రంతో పెంచి, దానితో తాడు పేని, నిద్ర పుచ్చే వస్త్రం నేసుకుని తప్పించుకుంది. హువాన్ అనే వేటకుక్క తోడుతో మోర్గోత్ అనుచరుడు సౌరోన్ చెరలో ఉన్న బెరెన్‌ను విడిపించింది. మోర్గోత్ కొలువులో పాట పాడి అతణ్ణే నిద్రపుచ్చింది. బెరెన్ మణిని ఊడబెరికాడు కానీ, బయటికి వచ్చే దారిలో కార్కరోత్ అనే తోడేలు మణిని పట్టుకున్న చేతిని మణితో సహా కొరికి మింగేసింది. చివరికి ఆ తోడేలు వేటలోనే బెరెన్ చనిపోయాడు. లూథియెన్ కూడా ప్రాణం విడిచి మాండోస్ ఎదుటికి వెళ్లి పాడింది. ఎవరికీ కరగని మాండోస్ అప్పుడు ఒక్కసారి కరిగాడు. దేవభూమిలో దుఃఖం మరచి బెరెన్ లేకుండా బతకడమా, బెరెన్‌తో తిరిగి వెళ్లి మర్త్యురాలిగా రెండోసారి, ఈసారి నిజంగా చనిపోవడమా అని అడిగితే, ఆమె రెండోదే కోరుకుంది. యముణ్ణి మాటలతో గెలిచి భర్తను తెచ్చుకున్న సావిత్రి తెలుగువారికి ఇక్కడ గుర్తుకు రాక మానదు. అయితే సావిత్రి భర్తను తన లోకానికి తెచ్చుకుంది, లూథియెన్ భర్త లోకానికి మారిపోయింది.

లూథియెన్ మనుమరాలు ఎల్వింగ్. ఆమె భర్త ఎయారెండిల్ కూడా మిశ్రమ సంతానమే. మానవుడు తువోర్‌కూ, ఎల్ఫు రాకుమారి ఇద్రిల్‌కూ పుట్టాడు. ఈ దంపతులకూ వారి కవల కొడుకులకూ ఏ జాతిలో ఉండాలో ఎంచుకునే హక్కు దేవగణాలు ఇచ్చాయి. ఎల్రోస్ మనుషుల్లో కలిసి న్యూమెనార్ ద్వీపానికి తొలి రాజై 500 ఏళ్లు బతికాడు. ఎల్రాండ్ ఎల్ఫుల పక్షం ఎంచుకుని రివెండెల్ లోయకు దొర అయ్యాడు. ఎల్రోస్ సంతతికి మళ్లీ ఆ అవకాశం లేదు. ఎల్రాండ్ పిల్లలకు మాత్రం తండ్రి మిడిల్ ఎర్త్ విడిచి పడమటి సముద్రం దాటే దాకా గడువు ఉంది. అర్వెన్ త్యాగానికి వీలిచ్చినది కథకుడి దయ కాదు, వంశపారంపర్యంగా వచ్చిన ఒక చట్టం. మామూలు ఎల్ఫు స్త్రీ ఎంత ప్రేమించినా ఆ పని చేయలేదు.

జీవితం

అర్వెన్ మూడో యుగం 241వ ఏట పుట్టింది. తల్లి కెలెబ్రియాన్, లోథ్లోరియెన్ అడవి దొరసాని గలాడ్రియెల్ కూతురు. అర్వెన్‌కు ఎల్లాడాన్, ఎల్రోహిర్ అనే కవల అన్నలు ఉన్నారు. 2509లో కెలెబ్రియాన్ కొండ దారిలో ఓర్క్‌లనే రాక్షస జాతి చేతికి చిక్కి విషపు గాయం పాలైంది. ఎల్రాండ్ వైద్యంతో దేహం కోలుకున్నా మనసు కోలుకోక, మరుసటి ఏడు ఓడెక్కి పడమటికి వెళ్లిపోయింది. అర్వెన్ ఎంపికను తూచేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. మర్త్యురాలైతే ఆమె పోగొట్టుకునేది తండ్రిని ఒక్కణ్ణే కాదు, ఐదు వందల ఏళ్లుగా అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్న తల్లిని కూడా.

ఆరగోర్న్ 2931లో పుట్టాడు. రెండేళ్ల వయసులో తండ్రి పోతే తల్లి గిల్రాయెన్ అతణ్ణి రివెండెల్ చేర్చింది. ఎల్రాండ్ పెంపుడు తండ్రి అయ్యాడు. పిల్లవాడి అసలు పేరు, వంశం చెప్పకుండా పెంచి, ఇరవయ్యో ఏట చెప్పాడు. ఆ మరునాడే ఆరగోర్న్ సాయంకాలపు వెలుగులో చెట్ల మధ్య నడుస్తున్న అర్వెన్‌ను చూసి, పాటలో విన్న లూథియెన్ ఎదుట నిలిచిందనుకున్నాడు. అతనికి 20 ఏళ్లు, ఆమెకు 2,710. అమ్మమ్మ ఊళ్లో దీర్ఘకాలం ఉండిపోవడం వల్ల అంతకు ముందు అతని కంట పడలేదు. ఎల్రోస్ వంశంలో అరవై పైచిలుకు తరాల కిందివాడు ఆరగోర్న్, ఎల్రోస్ కవల తమ్ముడి కూతురు అర్వెన్. మన లెక్కన వరస కలిపితే ఏం తేలుతుందో పాఠకులే చూసుకోవచ్చు.

తొలిచూపు ప్రేమ ఒకవైపుది మాత్రమే. ఆరగోర్న్ రివెండెల్ విడిచి మారుపేర్లతో దేశదేశాల సైన్యాల్లో కొలువు చేశాడు. 2980లో అలసి లోథ్లోరియెన్ చేరినప్పుడు గలాడ్రియెల్ అతనికి తెల్లని, వెండి రంగు వస్త్రాలు తొడిగించి పంపింది. కెరిన్ అమ్రోత్ దిబ్బ మీద అప్పుడు చూసిన అర్వెన్ మనసిచ్చింది. అతను బారహిర్ ఉంగరం ఇచ్చాడు. ఆ ఉంగరం బెరెన్ తండ్రిది.

కబురు విన్న ఎల్రాండ్ కోప్పడలేదు, దుఃఖపడ్డాడు. గోండోర్, ఆర్నోర్ రెండు రాజ్యాలకూ రాజైతే తప్ప ఏ మానవుడికీ తన కూతుర్ని ఇవ్వనన్నాడు. థింగోల్ అడిగిన మణికీ ఈ షరతుకూ పోలిక కనిపిస్తుంది, తేడా కూడా కనిపిస్తుంది. థింగోల్ అల్లుణ్ణి చావుకు పంపాలనుకున్నాడు. తాను పెంచిన కొడుకే తన కూతుర్ని శాశ్వతంగా తీసుకుపోతాడని ఎల్రాండ్‌కు తెలుసు. అయినా ఆ కొడుకు గెలవాలని కోరుకోవాలి, ఎందుకంటే అతను ఓడితే సౌరోన్ గెలుస్తాడు. నవలలో ఇంతటి ఇరకాటంలో పడ్డ తండ్రి ఇంకొకడు లేడు.

మరో ముప్పై తొమ్మిదేళ్లు గడిచాయి. సౌరోన్‌తో యుద్ధకాలంలో అర్వెన్ రివెండెల్‌లోనే ఉండి రహస్యంగా ఒక జెండా కుట్టింది. నల్లని గుడ్డ మీద తెల్లని చెట్టు, ఏడు నక్షత్రాలు, కిరీటం. 3019 మార్చిలో పెలెన్నోర్ మైదానం పక్కన నదిలో వచ్చిన ఓడ మీద ఆ జెండా ఎగిరినప్పుడు గాని వచ్చింది శత్రువు కాదు, తమ రాజేనని గోండోర్ జనానికి తెలియలేదు. అదే ఏడు నడి వేసవి రోజున మినాస్ తిరిత్ నగరంలో పెళ్లి జరిగింది. యుద్ధంలో మానని గాయాలైన ఫ్రోడోకు, హాబిట్లనే పొట్టి జాతికి చెందిన కథానాయకుడికి, అర్వెన్ తన మెడలోని తెల్లని రత్నాన్ని ఇచ్చి, పడమటికి పోయే ఓడలో తన స్థానం కూడా ఇచ్చింది. ఆమె తీసుకున్న నిర్ణయం ఇంకొకరికి చికిత్సగా మారిన ఘట్టం ఇది. తండ్రీకూతుళ్ల చివరి వీడ్కోలు మాత్రం రోహన్ దేశపు కొండల్లో, ఎవరూ లేని చోట జరుగుతుంది. ఏం మాట్లాడుకున్నారో టోల్కీన్ రాయలేదు. రాయకపోవడమే మేలైంది. 3021లో ఎల్రాండ్ ఓడెక్కాడు. అన్నలు ఏ పక్షం ఎంచుకున్నారో టోల్కీన్ ఎక్కడా తేల్చలేదు.

మరణశయ్య దగ్గర

పెళ్లితో ముగిసే కథ అయితే అర్వెన్ గురించి చెప్పుకోదగింది తక్కువే. సుమారు 120 ఏళ్లు రాణిగా ఉంది, ఎల్దారియోన్ అనే కొడుకునూ, పేర్లు చెప్పని కూతుళ్లనూ కన్నది. ఆరగోర్న్‌కు 210 ఏళ్లు వచ్చాక కథ అసలు చోటికి వస్తుంది.

న్యూమెనార్ వంశపు ఉత్తమ రాజులకు ఒక వరం ఉంది. బుద్ధి మందగించి, దేహం శిథిలమయ్యే దాకా ఆగకుండా, వేళైందని తోచినప్పుడు తమంతట తాము ప్రాణం విడవగలరు. మన పాఠకులు దీన్ని భీష్ముడి స్వచ్ఛంద మరణంతో పోల్చుకోవచ్చు. ఆరగోర్న్ అలా పోవడానికి సిద్ధమై రాజసమాధుల్లో పడుకున్నాడు. అర్వెన్ ఇంకొంత కాలం ఉండమని వేడుకుంది. అప్పటికామె ఏనాటి నుంచో మర్త్యురాలే, కానీ మృత్యువంటే ఏమిటో ఆ రోజు దాకా తెలియదు. కావాలంటే రేవుకు వెళ్లి, తమ బతుకుల జ్ఞాపకం మాత్రం మిగుల్చుకుని పడమటికి పొమ్మని భర్త అంటే, తనను తీసుకుపోయే ఓడ ఇక లేదని, ఇష్టమున్నా లేకున్నా మానవుల గతే తనకూ దక్కిందని బదులిచ్చింది. చావుకు భయపడి దేవతల మీదికి దండెత్తి నాశనమైన న్యూమెనార్ ప్రజలను తాను ఇన్నాళ్లూ మూర్ఖులనుకున్నానని, ఇప్పుడు వాళ్ల మీద జాలి కలుగుతోందని ఒప్పుకుంది. ఇది సృష్టికర్త కానుకే అయితే, పుచ్చుకోవడానికి ఎంతో చేదుగా ఉందన్న భావం ఆమె నోట పలికించాడు రచయిత. ఆరగోర్న్ దుఃఖాన్ని ఒప్పుకున్నాడు గానీ, నిరాశను ఒప్పుకోలేదు. ఈ జగత్తు హద్దుకు అవతల జ్ఞాపకం కంటే ఎక్కువైనదేదో ఉందన్న నమ్మకంతో పోయాడు.

ఆ నమ్మకం అర్వెన్‌కు కలిగిందో లేదో టోల్కీన్ చెప్పడు. పిల్లల దగ్గర సెలవు తీసుకుని ఒంటరిగా లోథ్లోరియెన్ వెళ్లింది. గలాడ్రియెల్, ఆమె భర్త కెలెబోర్న్ ఇద్దరూ లేని ఆ అడవి అప్పటికి పాడుబడింది. చలికాలం గడిచేదాకా ఉండి, కెరిన్ అమ్రోత్ మీద ప్రాణం విడిచింది. అప్పటికి ఆమె వయసు 2,901 ఏళ్లు. టోల్కీన్ గట్టి రోమన్ కేథలిక్. మృత్యువు దేవుడి కానుక అన్న తన సొంత సిద్ధాంతాన్ని తానే ఇంత నిర్దాక్షిణ్యంగా పరీక్షకు పెట్టిన సందర్భం ఆయన రచనల్లో ఇంకొకటి అరుదు. అర్వెన్ ఇంట్లో కూర్చుని కుట్టుపని చేసిందే తప్ప రోహన్ రాకుమారి ఎయోవిన్‌లా కత్తి పట్టలేదని విమర్శ ఉంది. నవల వరకు అది నిజమే. కానీ మృత్యువు గురించి సూటిగా మాట్లాడే ధైర్యం ఆ గాథ మొత్తంలో ఎక్కువగా చూపింది ఈమేనని ఈ సన్నివేశం చదివాక అనిపిస్తుంది.

రచన పుట్టుక

విచిత్రం ఏమిటంటే అర్వెన్ చాలా ఆలస్యంగా పుట్టిన పాత్ర. టోల్కీన్ 1937 డిసెంబరులో నవల మొదలుపెట్టినప్పుడు ఆరగోర్న్ కూడా లేడు. అతని స్థానంలో మొదట వచ్చినవాడు ట్రాటర్ అనే హాబిట్. ఆ పాత్ర మనిషిగా, ఆరగోర్న్‌గా మారి రాజవంశీకుడయ్యాక కూడా కొంతకాలం ఎయోవిన్‌నే అతనికిచ్చి పెళ్లి చేసే ఆలోచన ఉండేది. కథ ముగింపుకు వచ్చే రోజుల్లో గాని ఎల్రాండ్ కూతురు రాణిగా రాలేదు. మొదటి చిత్తుప్రతుల్లో ఆమె పేరు ఫిందుయిలాస్. నవలలో ఆమె ఉనికి పలచగా ఉండటానికి ఇదొక కారణం. హాబిట్ల చూపు నుంచి చెప్పే కథలో ఈ ప్రేమగాథను ఇమిడిస్తే నిర్మాణం చెడుతుంది కాబట్టి అనుబంధంలో పెట్టానని, అనుబంధాల్లో ముఖ్యమైనది ఇదేనని టోల్కీన్ ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. తన నవల అధికారం గురించి కాదు, మృత్యువు గురించి, అమరత్వం గురించి అని కూడా ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

లూథియెన్ కథ మాత్రం అందరికంటే ముందే పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి జబ్బుతో తిరిగొచ్చిన టోల్కీన్ 1917లో యార్క్‌షైర్‌లోని రూస్ అనే ఊరి దగ్గర ఉన్నప్పుడు, తెల్లని పూలు పూసిన అడవిలో భార్య ఎడిత్ అతని కోసం నాట్యం చేసిందట. లూథియెన్ మరో పేరు మీద ‘టినూవియెల్ కథ’ ఆ ఏడే రాశాడు. ఇప్పుడు దొరుకుతున్న తొలి ప్రతిలో బెరెన్ కూడా ఎల్ఫే. అంటే మర్త్యుడు, అమర్త్యురాలు అన్న పీటముడి అందులో లేదు. తరవాతి రూపాల్లో బెరెన్ మానవుడిగా స్థిరపడ్డాకే కథకు ఆ బరువు వచ్చింది. 1925–31 మధ్య దాన్ని నాలుగు వేల పైచిలుకు పంక్తుల పద్యకావ్యంగా మలచబోయి సగంలో వదిలేశాడు. వచన రూపం ఆయన పోయాక 1977లో కొడుకు క్రిస్టఫర్ సంపాదకత్వంలో వచ్చిన ‘ది సిల్మరిలియన్’లో వెలువడింది. అన్ని రూపాలనూ ఒకచోట చేర్చిన ‘బెరెన్ అండ్ లూథియెన్’ 2017లో వచ్చింది.

టోల్కీన్ దంపతుల జీవితానికీ ఈ కథలకూ ఉన్న పోలికలు ఎప్పటి నుంచో చర్చలో ఉన్నాయి. ఎడిత్ అతని కంటే మూడేళ్లు పెద్దది. తల్లీతండ్రీ లేని టోల్కీన్‌కు సంరక్షకుడైన ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్, ఇరవై ఒకటో ఏడు వచ్చే దాకా ఆమెతో ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా వద్దన్నాడు. టోల్కీన్ ఆ షరతు పాటించాడు. పెంచిన తండ్రి షరతు, ఏళ్ల ఎదురుచూపు అన్నవి ఆరగోర్న్ కథలోకి ఎక్కడి నుంచి వచ్చాయో ఊహించడం కష్టం కాదు. అయితే ఆ పెళ్లి కోసం గట్టు దాటింది ఎడిత్. వేరొకరితో కుదిరిన నిశ్చితార్థం రద్దు చేసుకుంది, పుట్టిన చర్చిని వదిలి కేథలిక్ మతంలో చేరింది, దానివల్ల ఉంటున్న ఇల్లు కూడా విడవాల్సి వచ్చింది. 1916 మార్చి 22న వార్విక్‌లో పెళ్లయింది. ఆమె 1971లో పోయాక, ఆక్స్‌ఫర్డ్‌లోని వుల్వర్‌కోట్ శ్మశానవాటికలో సమాధి మీద ఆమె పేరు కింద లూథియెన్ అని చెక్కించాడు. రెండేళ్లకు అతని పేరు కింద బెరెన్ అని చేరింది.

ఇతర గాథలు

మనిషికీ మరణం లేని జాతికీ మధ్య ప్రేమ అన్ని దేశాల కథల్లోనూ ఉంది. కానీ సాధారణంగా దారి ఎదురు దిశలో ఉంటుంది. ఐర్లండ్ గాథలో ఓషీన్ అనే వీరుణ్ణి నీవ్ తన నిత్యయౌవన దేశానికి తీసుకుపోతుంది. గ్రీకు కావ్యంలో కలిప్సో అమరత్వం ఇస్తానన్నా ఒడిస్సియస్ పుచ్చుకోడు. ఋగ్వేదంలోని ఊర్వశి పురూరవుణ్ణి వదిలి వెళ్లిపోతుందే గాని మర్త్యురాలు కాదు. పెద్దన మనుచరిత్రలో వరూధిని భోగాలన్నీ ఆశ చూపినా ప్రవరుడు ఇల్లు చేరే దారి అడుగుతాడు. అమర్త్యురాలే కిందికి దిగి, తిరిగి పోకుండా, చావును కూడా పంచుకోవడం వీటిలో లేదు. దగ్గరగా వచ్చేది హాన్స్ క్రిస్టియన్ అండర్సన్ 1837లో ప్రచురించిన ‘లిటిల్ మెర్మెయిడ్’. మూడు వందల ఏళ్ల ఆయుష్షు వదులుకుని ఆమె కోరింది రాకుమారుణ్ణి మాత్రమే కాదు, మనుషులకు ఉండే నాశనం లేని ఆత్మను కూడా. లార్డ్ డన్సేనీ 1924లో రాసిన ‘ది కింగ్ ఆఫ్ ఎల్ఫ్‌లాండ్స్ డాటర్’లో లిరాజెల్ మానవుణ్ణి పెళ్లాడి భూమికి వస్తుంది గాని, ఇక్కడి బతుకు పడక పుట్టింటికి తిరిగి వెళ్తుంది.

టోల్కీన్ రచనల్లోనే ఎదురు ఉదాహరణలు ఉన్నాయి. తువోర్ మానవుడై ఉండి ఎల్ఫుల్లో కలిసిపోయాడని ఒక వదంతి. ఎల్ఫు రాకుమారుడు ఏగ్నోర్, ఆండ్రెత్ అనే మానవ స్త్రీని ప్రేమించి కూడా పెళ్లాడకుండా యుద్ధానికి వెళ్లిపోయాడు. ముసలిదైపోయిన ఆండ్రెత్ అతని అన్న ఫిన్‌రోద్‌తో మృత్యువు గురించి జరిపిన వాదం 1993లో ‘మోర్గోత్స్ రింగ్’ సంపుటంలో అచ్చయింది. అర్వెన్ మరణశయ్య సన్నివేశంతో కలిపి చదవదగిన రచన అది.

తెర మీద

రాల్ఫ్ బాక్షీ 1978లో తీసిన యానిమేషన్ చిత్రంలో అర్వెన్ లేదు. పీటర్ జాక్సన్ 2001–2003 చిత్రాల్లో లివ్ టైలర్ ఆ పాత్ర వేసింది. గాయపడిన ఫ్రోడోను గుర్రం మీద నది దాటించడం, మంత్రంతో వరద రప్పించడం నవలలో ఆమె పనులు కావు. హెల్మ్స్ డీప్ యుద్ధంలో కూడా ఆమె కత్తి తిప్పినట్టు కొంత చిత్రీకరించి తరవాత తీసేశారు. ఆమె ప్రాణాన్ని సౌరోన్ చేసిన మహా ఉంగరం గతితో ముడిపెట్టి, అతను బలపడే కొద్దీ ఆమె క్షీణిస్తున్నట్టు చూపడం చిత్ర రచయితల కల్పన. అది అర్వెన్ ఎంపికను ఒక జబ్బుగా మార్చేసిందన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. ఆరగోర్న్ మెడలో వేసే వెండి పతకం కూడా సినిమాలోదే. రెండో చిత్రంలో మాత్రం కూతురి భవిష్యత్తును ఎల్రాండ్ వర్ణించే ఘట్టం ఉంది. భర్త శవం పక్కన నల్లని ముసుగులో నిలబడ్డ రాణి, ఆకులు రాలిన అడవిలో ఒంటరి నడక. అనుబంధంలోని ముగింపును ముందుకు తెచ్చి, ఓడ ఎక్కమని బతిమాలే తండ్రి నోట చెప్పించడం తెలివైన పని. నవలలో రాయకుండా వదిలేసిన తండ్రీకూతుళ్ల సంభాషణకు అది ఒక రూపం.

2022లో మొదలైన ‘ది రింగ్స్ ఆఫ్ పవర్’ వెబ్ సిరీస్ తెలుగు డబ్బింగ్‌తోనూ వచ్చింది. అర్వెన్ పుట్టుకకు చాలా ముందు కాలం కాబట్టి ఆమె అందులో లేదు. ఆ ఖాళీలో అరోందిర్ అనే ఎల్ఫు సైనికుడికీ బ్రాన్విన్ అనే మానవ స్త్రీకీ మధ్య ప్రేమను కల్పించారు. 2024లో వచ్చిన రెండో భాగానికి బ్రాన్విన్ చనిపోయింది. అరోందిర్‌కు మానవ రక్తం లేదు, కాబట్టి టోల్కీన్ నియమం ప్రకారం ఆమె వెంట వెళ్లే దారి అతనికి లేదు.